వెనిగర్ పోశాక మొరాయించిన ఫ్రాతర్

ప్రశ్న: మా కాఫీ మెషీన్ కొని ఎనిమిది నెలలైంది. పాలడబ్బాలో సన్నటి గొట్టం పెట్టి బటన్ నొక్కితే, అందులోని ఫ్రాతర్ (పాలని నురుగు చేసే భాగం) తనే పాలు పీల్చుకుని నురుగు చేసి కప్పులో పోసే రకం. మొదట్లో నురుగు ఎంత చిక్కగా వచ్చేదంటే, పైన చల్లిన చక్కెర మునగడానికి కాసేపు పట్టేది. రెండు నెలలుగా పెద్ద పెద్ద బుడగలు, మధ్యమధ్యలో తుంపర్లు. కాఫీకి ఏదో నీచు వాసన కూడా. మెషీన్ అడిగినప్పుడల్లా రిన్స్ బటన్ నొక్కుతూనే ఉన్నాను, ఒక్కరోజు కూడా మానలేదు. పోయిన వారం ఎవరో చెప్పారని ఆ గొట్టంలోంచి వెనిగర్ లాగించాను. తెల్లటి ముక్కలు కొన్ని వచ్చాయి. ఆ తర్వాత పాలే రావడం మానేశాయి. ఆవిరి మాత్రం బుసబుసమంటూ వస్తోంది. పాలు గొట్టంలో సగం దాకా ఎక్కి ఆగిపోతున్నాయి. మావారు కొత్తది కొనేద్దామంటున్నారు. బాగు చేసుకునే దారి ఉందా? ఉంటే మళ్లీ ఇలా కాకుండా ఏం చేయాలి? – ఒక పాఠకురాలు

సమాధానం: కొత్తది కొనే ఆలోచన ఒక వారం ఆపమని మీవారికి చెప్పండి. సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. ఆవిరి గట్టిగానే వస్తోందన్నారు. అంటే హీటరు, పంపు రెండూ బాగున్నట్టే. పాలు సగం దాకా ఎక్కుతున్నాయన్నారు. అంటే పీల్చే శక్తి కూడా పూర్తిగా పోలేదు. దారిలో ఎక్కడో ఏదో అడ్డం పడింది, అంతే. ఆ అడ్డం ఏమిటో కూడా మీరే రాశారు, తెల్లటి ముక్కలని.

అవి సున్నం ముక్కలు కావు. విరిగిన పాలు.

పాలు విరగ్గొట్టాలంటే ఎవరైనా ఏం చేస్తారు? కాస్త పులుపు వేస్తారు. పాలలో ఉండే ప్రోటీన్లలో దాదాపు 80 శాతం కేసిన్. మామూలుగా అది కంటికి ఆననంత చిన్న ఉండలుగా పాలంతా తేలుతూ ఉంటుంది. పులుపు పెరిగి పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ ఈ అంకె తగ్గుతుంది) 4.6 దగ్గరికి వచ్చేసరికి ఆ ఉండలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డకడతాయి. వెనిగర్ పీహెచ్ సాధారణంగా 3 కంటే తక్కువే. మీ గొట్టం లోపలి గోడకి ఎనిమిది నెలల పాలజిడ్డు పట్టి ఉంది. దాని మీదకి వెనిగర్ పంపేసరికి అందులోని పాలు ఎక్కడివక్కడే విరిగాయి. వదులైన ముక్కలు బయటికొచ్చాయి. మిగిలినవి సన్నటి మలుపుల్లో ఇరుక్కుని కూర్చున్నాయి.

వెనిగర్ సలహా ఇచ్చినవాళ్లు అబద్ధం చెప్పలేదు, వేరే రోగానికి మందు చెప్పారు. కాఫీ మెషీన్‌లో పేరుకునే మురికి రెండు రకాలు. నీళ్ల వల్ల వచ్చేది ఒకటి, పాల వల్ల వచ్చేది ఇంకొకటి. నీళ్లలోంచి వచ్చే తెల్లటి సున్నపు పొర పులుపుకి కరుగుతుంది. పాలలోంచి వచ్చే జిడ్డుకి, ప్రోటీన్‌కి మాత్రం సబ్బు గుణం ఉన్నదే కావాలి. ఈ ఒక్క తేడా తెలియకే చాలామంది ఫ్రాతర్లు పాడుచేసుకుంటారు. అందులో మీరు మొదటివారూ కాదు, చివరివారూ కాదు.

ఇక రిన్స్ బటన్ సంగతి. మీరు ఒక్కరోజు కూడా మానలేదని నమ్ముతున్నాను. కానీ ఇల్లలకగానే పండగ కాదు. ఆ బటన్ నొక్కితే చాలా మెషీన్లు చేసేది ఒకటే, కొన్ని సెకన్ల పాటు ఆవిరో వేడినీళ్లో నురుగు వచ్చే దారిలోంచి వదలడం. దాంతో ఆ దారిలో మిగిలిపోయిన పాలచుక్కలు పోతాయి. గోడకి అంటుకున్న జిడ్డు పోదు. కొన్ని మెషీన్లలోనైతే ఆ వేడినీళ్లు పాలు పీల్చే గొట్టం దాకా వెళ్లనే వెళ్లవు. మీరు రోజూ కడుగుతున్నాననుకున్న గొట్టం బహుశా ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా తడిసి ఉండదు, పాలతో, మొన్నటి వెనిగర్‌తో తప్ప.

పాలు కాచిన గిన్నె ఒకటి గుర్తు తెచ్చుకోండి. అడుగున పల్చగా ఒక తెల్లటి పొర అంటుకుని ఉంటుంది కదా. దాన్ని వేడినీళ్లతో తొలిపితే పోతుందా? నానబెట్టాలి, సబ్బు పెట్టాలి, రుద్దాలి. ఫ్రాతర్‌లో పట్టేది కూడా అదే పొర, కాకపోతే మన కంటికి కనపడదు. పాలు 70 డిగ్రీల సెల్సియస్ దాటేసరికి అందులోని ఇంకో రకం ప్రోటీన్, బీటా లాక్టోగ్లోబ్యులిన్, రూపం మారి దొరికిన గోడకల్లా అంటుకుంటుంది. పాలలోని కాల్షియం ఫాస్ఫేట్‌ది ఇంకో చిత్రం. చక్కెర లాంటివి వేడిలో బాగా కరుగుతాయి, ఇది మాత్రం వేడెక్కేకొద్దీ కరగడం తగ్గి పొరగా దిగుతుంది. ఈ రెండింటి మీదా కొవ్వు. మూడూ కలిసి గట్టిపడితే, పాల డెయిరీల్లో దాన్ని మిల్క్ స్టోన్ అంటారు. పాలరాయి అన్నమాట. ఆవిరి వేడి మామూలుగా 100 డిగ్రీలకి తగ్గదు కాబట్టి, కడగకుండా ఆవిరి మాత్రమే పట్టిస్తూ పోతే ఆ పొరని రోజుకోసారి ఇంకాస్త ఉడికించినట్టవుతుంది.

నీచు వాసన కూడా అక్కడిదే. అనుకూలమైన వెచ్చదనం, తడి, తిండి మూడూ దొరికితే కొన్ని బ్యాక్టీరియాలు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. రాత్రి ఎనిమిది గంటలంటే 24 రెట్టింపులు. ఒక్కటి కాస్తా, కాగితం మీద లెక్క వేస్తే, కోటీ అరవై లక్షలు దాటుతుంది. నిజంగా అంత సాఫీగా పెరగవనుకోండి, కానీ తెల్లారేసరికి గొట్టంలో ఏం జరిగి ఉంటుందో తెలియడానికి ఆ లెక్క చాలు. పొద్దున్న ఆవిరి తగిలితే అన్నీ చస్తాయి కదా అని మాత్రం అనుకోకండి. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా లాంటివాటి బీజాలు మరిగే వేడిని కూడా తట్టుకుంటాయి. పైగా ఆవిరి, పాలు పీల్చే గొట్టం లోపలికి వెళ్లదు.

పెద్ద బుడగలు ఎందుకొచ్చాయో తెలియాలంటే ఈ ఫ్రాతర్ పాలు ఎలా పీలుస్తుందో చూడాలి. అందులో పాలకి వేరే పంపు అంటూ ఉండదు (ఇళ్లలో వాడే రకాల్లో చాలావాటికి). ఆవిరిని ఒక ఇరుకు సందులోంచి వేగంగా పంపిస్తారు. ఇరుకులో వేగం పెరిగితే ఒత్తిడి పడిపోతుంది. ఆ పడిపోయిన ఒత్తిడే కింద ఉన్న పాలని గొట్టంలోంచి పైకి లాగుతుంది. ఇటలీ శాస్త్రవేత్త వెంటూరి 1797లోనే దీన్ని వివరించాడు, అందుకే ఆయన పేరే దానికి పెట్టారు. అదే లాగుడుతో పక్కన ఉన్న ఒక చిన్న రంధ్రంలోంచి గాలి కూడా లోపలికి వస్తుంది. పాలు, ఆవిరి, గాలి కలిసి సుడి తిరిగితే నురుగు.

ఆ గాలి రంధ్రం గుండుసూది మొనంత ఉంటుంది. మీ ఫ్రాతర్‌లో అది ఎక్కడుందో ఇప్పటిదాకా మీరు చూసి ఉండకపోతే ఆశ్చర్యం లేదు, చాలామంది చూడరు. అందులో ఒక్క పాలచుక్క ఎండి సగం మూసుకుంటే చాలు, లోపలికి వచ్చే గాలి లెక్క తప్పుతుంది. పూర్తిగా మూసుకుంటే పాలు వేడిగా వస్తాయి, నురుగు రాదు. ఇక రావలసిన రంధ్రంలోంచి కాకుండా అతుకుల్లోంచి దొంగగాలి చొరబడితే పెద్ద పెద్ద బుడగలు, తుంపర్లు. మీకు రెండు నెలల కింద మొదలైన లక్షణాలు ఇవే.

ఇప్పుడు బాగుచేసే పని. ఒక గంట తీరిక చూసుకుని కూర్చోండి.

మెషీన్ ఆపి, ప్లగ్ తీసి, పూర్తిగా చల్లారనివ్వండి. ఫ్రాతర్‌ని ఊడదీసేముందు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి. తర్వాత ఒక పళ్లెంలో తెల్లటి గుడ్డ పరిచి, ఊడదీసిన ముక్కల్ని తీసిన వరసలోనే పెట్టండి. పాలు పీల్చే గొట్టం, దాన్ని పట్టి ఉంచే పిడి, నురుగు వచ్చే ముక్కు, మధ్యలో రెండో మూడో రబ్బరు వాషర్లు. వాషర్లు లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. ఇది చాదస్తం కాదు. ఒకసారి నేను ఇలాగే కడుగుతూ చిటికెన వేలి గోరంత వాషర్ ఒకటి సింకులో పోగొట్టుకున్నాను. పోయిందని కూడా తెలియలేదు. అన్నీ బిగించాక ఫ్రాతర్ పాలని పీల్చకుండా గోడ మీదకి చిమ్మడం మొదలుపెట్టింది. రెండు రోజులు మెషీన్‌ని తిట్టుకున్నాక, జాలీ మీద ఇరుక్కుని ఉన్న నల్లటి రింగు కనపడింది.

ముందు గోరువెచ్చని నీళ్లు, 40 డిగ్రీల ప్రాంతంలో. చెయ్యి హాయిగా పెట్టగలిగే వేడన్నమాట. మరిగే నీళ్లు పోయకండి, మిగిలిన ప్రోటీన్ ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. మరీ చల్లటి నీళ్లయితే కొవ్వు కరగదు. ఈ నీళ్లతో ముక్కలన్నీ బాగా కడిగి, వెనిగర్ పులుపు పూర్తిగా వదిలించండి. తర్వాత అదే వేడి ఉన్న నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కాస్త కలిపి అరగంట నుంచి గంట దాకా నానబెట్టండి. కరెంటు భాగాలు ఏవైనా ఉంటే అవి నీళ్లలోకి రాకూడదని వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను.

నానాక రుద్దడం. గొట్టానికి పొడుగాటి సన్నటి బ్రష్ ఉండాలి, చాలా మెషీన్లతో పాటే ఇస్తారు. పెట్టెలో అడుగున పడి ఉంటుంది, వెతకండి. మూలలకి మాత్రం పళ్ల సందులు శుభ్రం చేసుకునే బుల్లి బ్రష్‌ని మించింది నేను చూడలేదు, కొత్తది ఒకటి దీనికోసమే పెట్టుకోండి. గాలి రంధ్రంలో సూది పెట్టేటప్పుడు తిప్పి తిప్పి పొడవకండి. ఆ రంధ్రం కొలత మారితే ఇక నురుగు ఎప్పటికీ కుదరదు. నానిన జిడ్డుకి సూది మొన ఇలా తగిలితే అలా ఊడొస్తుంది, రాకపోతే ఇంకాసేపు నానబెట్టడమే. ఇరుకు సందు ఉన్న ముక్కని కిటికీ వైపు పట్టుకుని లోపలికి చూడండి. వెలుతురు గుండ్రంగా, అంచులు నున్నగా కనపడాలి. అర్ధచంద్రంలా కనపడితే ఒక పక్కన పాలరాయి ఉన్నట్టే. మీ కేసులో పాలు ఆగిపోయింది అక్కడేనని నా అనుమానం.

సబ్బుకి లొంగకపోతే పాల దారి కోసమే ప్రత్యేకంగా అమ్మే క్లీనర్ ఉంటుంది. డీస్కేలర్ (నీళ్ల సున్నం కరిగించేది) వేరు, ఇది వేరు. సీసా మీద పాల వ్యవస్థకి అని రాసి ఉందా లేదా చూసి తీసుకోండి. ఎక్కువ భాగం క్షార గుణం ఉన్నవి, కొవ్వునీ ప్రోటీన్‌నీ విడగొడతాయి. ఎంత నీటికి ఎంత, ఎంతసేపు అన్నది సీసా మీద ఉన్నట్టే చేయండి. ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రం కాదు. బ్లీచింగ్ నీళ్ల జోలికి అస్సలు పోకండి. ముఖ్యంగా మీ గొట్టంలో ఇప్పటికే వెనిగర్ పడి ఉంది. పులుపు, బ్లీచ్ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు.

తర్వాత మంచినీళ్లతో కడగడం. ఇక్కడ బద్ధకించకండి. సబ్బు రుచి గురించి అనుకుంటారు కానీ, అంతకంటే ముందు నురుగు పోతుంది. పాలనురుగుని నిలబెట్టేది బుడగ చుట్టూ పాల ప్రోటీన్ కట్టే పొర. సబ్బు ఆ పొరలోకి దూరి దాన్ని చెడగొడుతుంది. శుభ్రంగా కడిగాక కూడా నురుగు చప్పున కూలిపోతోందంటే నేను మొదట అనుమానించేది మిగిలిన సబ్బునే.

అన్నీ ఆరాక, ఫోటోలు చూసుకుంటూ బిగించండి. వాషర్లు ఎండిపోయినట్టుంటే ఆహార పరికరాలకి వాడే సిలికాన్ గ్రీజు వేలి కొసతో పల్చగా రాయండి. వంటనూనె రాయకండి, కొన్నాళ్లకి అదే జిగురవుతుంది. పెట్రోలియం జెల్లీ అసలే వద్దు, కొన్ని రకాల రబ్బరు దానికి ఉబ్బిపోతుంది. చీలిన వాషర్, పసుపు రంగుకి తిరిగిన గొట్టం కనిపిస్తే కడగడం దండగ, మార్చేయండి. సిలికాన్ గొట్టం ఒకసారి వాసన పీల్చుకుంటే తొందరగా వదలదు. ఎనిమిది నెలల నీచు వాసన కాబట్టి మీరు గొట్టం ఎలాగూ మార్చుకుంటే మంచిది. మెషీన్‌తో పోలిస్తే అది చిల్లర ఖర్చు.

ఇక పరీక్ష. పాలతో కాదు, నీళ్లతో. ఒక కప్పు చల్లటి నీళ్లలో గొట్టం పెట్టి నురుగు బటన్ నొక్కండి. నీళ్లు ఎక్కడా ఆగకుండా ఒకే ధారగా ఎక్కి, రెండో వైపు వేడిగా వస్తే మీ ఫ్రాతర్ బతికినట్టే. వచ్చిన నీళ్లని ఒకసారి వాసన చూడండి. కాఫీలో దాక్కునే వాసన వేడినీళ్లలో దాక్కోలేదు. నీళ్లు ఎక్కుతూ మధ్యమధ్యలో బుడగలు కనపడితే ఎక్కడో అతుకు వదులుగా ఉంది, వాషర్లు మళ్లీ చూడండి. నీళ్లు చక్కగా వస్తూ, పాలకి మాత్రం నురుగు రాకపోతే తప్పు మెషీన్‌ది కాదు, పాలది. పాలు ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినవై ఉండాలి, 4, 5 డిగ్రీల దగ్గర మొదలైతే నురుగు కట్టడానికి సమయం దొరుకుతుంది. పాతబడ్డ పాలలో కొవ్వు విరిగి ఆమ్లాలుగా మారుతుంది, అది నురుగుకి శత్రువు. తేదీ దగ్గరపడ్డ పాలతో నురుగు రాలేదని మెషీన్ విప్పి కూర్చున్నవాళ్లు నాకు తెలుసు.

మళ్లీ ఇలా కాకుండా ఏం చేయాలని అడిగారు. నన్నడిగితే నెలకోసారి చేసే పెద్ద శుభ్రం కంటే, కప్పు నిండిన తర్వాతి మొదటి నిమిషమే ముఖ్యం. ఆ నిమిషంలో గొట్టం లోపల ఉన్నవి ఇంకా పాలే. అరగంట పోతే జిడ్డు. మర్నాటికి పొర. కాబట్టి పాలడబ్బా పక్కన ఎప్పుడూ ఒక గ్లాసు మంచినీళ్లు పెట్టుకోండి. కప్పులోకి నురుగు రాగానే, కాఫీ తాగడానికి కూర్చోకముందే, గొట్టాన్ని పాలలోంచి తీసి ఆ గ్లాసులో పెట్టి బటన్ నొక్కండి. ఖాళీ కప్పులోకి మొదట తెల్లగా, తర్వాత పల్చగా, చివరికి తేటగా నీళ్లు వస్తాయి. తేటగా వచ్చేదాకా, అంతే. పది పదిహేను సెకన్ల పని. మీరు ఇన్నాళ్లూ నొక్కిన రిన్స్ బటన్‌కీ దీనికీ తేడా ఏమిటంటే, ఇందులో నీళ్లు పాలు నడిచిన దారి మొత్తం నడుస్తాయి. మెషీన్ అడిగితే రిన్స్ కూడా నొక్కండి, దానికి ఇది పోటీ కాదు.

గొట్టం బయటి వైపు కూడా పాలలో మునిగిందే కదా, తడిగుడ్డతో ఒకసారి తుడవండి. పాలడబ్బా వెంటనే ఫ్రిజ్‌లోకి. బయట రెండు గంటలు దాటిన పాలు మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి రేపటికి దాచకండి. మెషీన్‌తో వచ్చిన పాలజాడీ ఉన్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. జాడీని మూతతో, గొట్టంతో సహా ఫ్రిజ్‌లో పెట్టేసి భద్రంగా ఉందనుకుంటారు. చల్లదనం చెడిపోవడాన్ని నెమ్మదింపజేస్తుంది, కడగదు. ఉన్న పాల మీదే కొత్త పాలు పోయడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

రాత్రి ఫ్రాతర్ ముక్కలు ఊడదీసి సబ్బునీళ్లలో కడిగి, విడివిడిగా ఆరబెట్టండి. రోజూ కుదరదంటే రెండు రోజులకోసారి, అంతకంటే సాగదీయొద్దు. తడి ఉండగానే బిగించి పెడితే లోపల పాచి పడుతుంది. వారానికోసారి బ్రష్‌లు, గాలి రంధ్రం, కిటికీ వెలుతురు. పాల క్లీనర్ ఎంత తరచుగా వాడాలో మీ మెషీన్ పుస్తకంలో ఉంటుంది. రోజుకి రెండు మూడు కప్పులు చేసే ఇంట్లో, రోజువారీ కడుగుడు సరిగ్గా ఉంటే, నెలకోసారి చాలని నా అనుభవం.

డీస్కేలింగ్ మానేయమని నేను చెప్పడం లేదు. అది బాయిలరుకి, నీళ్ల దారికి. మీ నీళ్లలో సున్నం ఎక్కువైతే ఆవిరి బలం తగ్గుతుంది, ఆవిరి తగ్గితే పాలు పీల్చడం కూడా తగ్గుతుంది. కాబట్టి ఎప్పటికైనా ఫ్రాతర్‌కి అది అవసరమే. వరస మాత్రం తప్పకూడదు, ముందు పాలజిడ్డు సబ్బుతోనో క్షారంతోనో పోవాలి, శుభ్రంగా కడగాలి, ఆ తర్వాతే పులుపు. డెయిరీల్లో పెద్ద పెద్ద పైపులు కడిగేది కూడా మామూలుగా ఇదే వరసలో, ముందు క్షారం, తర్వాత ఆమ్లం. డీస్కేలింగ్ చేసేటప్పుడు ఫ్రాతర్ ముక్కు ఊడదీసి పక్కన పెట్టమని మీ పుస్తకంలో ఉంటే అలాగే చేయండి. నిమ్మ ఉప్పు వాడేవాళ్లు మరిగే నీళ్లలో కలపకండి, వేడిలో అది కాల్షియంతో కలిసి కరగని కొత్త పొర కడుతుంది. వెనిగర్‌ని చాలా కంపెనీలు వద్దంటాయి, వాసన పోదు, రబ్బరుకీ మంచిది కాదు.

ఇంకో రకం ఫ్రాతర్లున్నవాళ్లు కూడా ఇది చదువుతూ ఉంటారు కాబట్టి రెండు మాటలు. చేత్తో పాలగిన్నెలో ముంచి పట్టుకునే ఆవిరి పైపు ఉన్నవాళ్లకి ఒక ప్రమాదం ఉంది. నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు పెరుగుతుంది. మీరు ఆవిరి ఆపగానే పైపులో మిగిలిన ఆవిరి చల్లబడి తిరిగి నీటిబొట్టవుతుంది, అంటే అంతకంత కుంచించుకుపోతుంది. ఆ ఖాళీ నిండడానికి ఏం వస్తుంది? పైపు కొస ఇంకా పాలలోనే ఉంటే పాలే వస్తాయి, పైపు లోపలికి, కొన్నిసార్లు ఇంకా పైకి. అందుకే పాలలోంచి తీసిన మరుక్షణం తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డనే కొసకి అడ్డం పెట్టి ఒకటి రెండు సెకన్లు ఆవిరి వదలాలి. వేళ్లు ఆవిరి దారికి దూరంగా పెట్టుకోండి. ఆ గుడ్డ దానికే ఉండాలి, గట్టు తుడిచే గుడ్డ కాకూడదు, రోజూ మార్చాలి. పైపు మీద ఎండిపోయిన పాలని కత్తితో గీకేవాళ్లని చూశాను. వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి పది నిమిషాలు వదిలేస్తే దానంతటదే మెత్తబడుతుంది, కత్తి అక్కర్లేదు.

కరెంటు జగ్గులో తిరిగే చక్రం ఉండే రకమైతే చక్రాన్ని తీసి, అది కూర్చునే పుల్ల చుట్టూ వేలితో తడమండి. నురుగు తగ్గడానికి కారణం మూడొంతులు అక్కడ పట్టిన జిగురే. లోపలి పూత మీద స్టీలు పీచు వాడొద్దు.

ఓట్స్ పాలు, బాదం పాలు వాడేవాళ్లు వాటికి కొవ్వు తక్కువని కడగడం తగ్గించకండి. ఓట్స్ పాలలో పిండిపదార్థం ఎక్కువ, ఎండితే గంజిలా పట్టేస్తుంది. ఇంట్లో ఎవరికైనా పాల అలర్జీ ఉంటే, ఎంత కడిగినా అదే ఫ్రాతర్‌తో వాళ్లకి చేసివ్వకండి, వేరే పెట్టుకోండి. చక్కెర, చాక్లెట్ పొడి కూడా నురుగు వచ్చాక కప్పులో కలపాల్సినవి, ముందే పాలలో కాదు.

మళ్లీ మీ దగ్గరికి వస్తాను. గొట్టం మార్చి, ముక్కలన్నీ కడిగి, వాషర్లు సరిచూసి బిగించాక కూడా నీళ్ల పరీక్షలో నీళ్లు సగం దగ్గరే ఆగిపోతే, అడ్డం మీ చెయ్యి పోని చోట ఉన్నట్టు. అక్కడ తీగలు దూర్చి పొడవకుండా మెకానిక్‌కి చూపించండి. చూపించేటప్పుడు వెనిగర్ పోసిన సంగతి మొహమాటపడి దాచకండి, అది చెబితే ఆయన నేరుగా ఎక్కడ విప్పాలో అక్కడే విప్పుతాడు.